అప్పుల ప్లాన్‌లో ఉన్నప్పుడు బూట్లు కొన్నా దొంగతనం చేసినట్టే ఉంటోంది, మీరెలా నెట్టుకొచ్చారు?

రాత్రిడ్యూటీ (ప్రశ్న):

నమస్తే అండీ అందరికీ. నావి ఏడు అప్పులు, నాలుగు కార్డులూ మూడు పర్సనల్ లోన్లూ. పోయినేడాది అన్నింటినీ కలిపి పద్ధతిగా రాతపూర్వకమైన ఒక ప్లాన్‌లో పెట్టించుకున్నాను. నెలకు ఒకటే వాయిదా, మొత్తం 60. ఇప్పటికి 14 కట్టాను, ఒక్కటీ తప్పలేదు. ఫోన్లు మోగడం ఆగింది, రాత్రి డ్యూటీ లేని రోజున నిద్ర కూడా పడుతోంది.

బాధ ఎక్కడంటే ఖర్చు పెట్టే దగ్గర. నాది హాస్పిటల్లో నిలబడి చేసే పని. బూటు అడుగు ఊడిపోతే జిగురు పెట్టాను, రెండు వారాలు ఆగి మళ్లీ నోరు తెరిచింది. ఇక లాభం లేదని కొత్తవి కొన్నాను. కొని ఏం చేశానో తెలుసా, అట్టపెట్టె బయటే పారేసి, బిల్లు చింపేసి, పాతవాటిలా కనబడాలని పూలకుండీలో మట్టి కాస్త పూసి మరీ ఇంట్లోకి వచ్చాను. మా ఆయన ఒక్క మాట అనే మనిషి కాదు, అయినా అలా చేశాను. ఇదేం బతుకు అనిపించింది.

ఇంకోటి, వాషింగ్ మెషీన్ తిరిగేటప్పుడు గడగడమంటోంది, ఏ రోజు ఆగిపోతుందో తెలియదు. వచ్చే నెల బోనస్ రావచ్చు, అది ప్లాన్ వాళ్లకు చెప్పాలా, చెప్పకుండా మెషీన్ కొనేసుకోవచ్చా? మా పిన్ని కొడుకు తన కార్డు మీద కొనుక్కోమంటున్నాడు, నెలనెలా వాడికి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని. ఇంకా 46 నెలలు ఉంది, తలుచుకుంటేనే టెన్షన్.

మూడోఏడు:

ముందు ఆ బూట్ల సంగతి. ప్లాన్‌లో చేరేటప్పుడు మీ జమాఖర్చుల పద్దు ఒకటి రాసిచ్చి ఉంటారు, అది తీసి చూడండి. అందులో బట్టలు, చెప్పులు అని ఒక వరుస ఉండే ఉంటుంది. అంటే ఆ డబ్బు మీరు ఖర్చు పెట్టుకోవడానికి అప్పులవాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క, అదంతా పోగా మిగిలిందే మీ వాయిదా. బూట్లు కొనకుండా కాళ్లు నొప్పులు పెట్టుకున్నంత మాత్రాన 60 కాస్తా 59 అవదు.

నేను చేసిన తప్పు వేరే. పద్దు రాసేటప్పుడు మంచి అనిపించుకోవాలని అన్నీ తగ్గించి రాశాను. బండి రిపేరు సున్నా, పళ్ల డాక్టరు సున్నా, పండగలకూ పెళ్లిళ్లకూ సున్నా. మొదటి ఏడు ఎలాగో గడిచింది. రెండో ఏడు బండి ఇన్సూరెన్సూ టైర్లూ ఒకే నెలలో వచ్చి పడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు అర్థమైంది, మనల్ని ముంచేది రోజూ పెట్టే చిల్లర ఖర్చు కాదు, ఏడాదికోసారి వచ్చేవి. ఇప్పుడు అలాంటివన్నీ ఒక కాగితం మీద రాసి, కూడి, 12తో భాగించి, ఆ మొత్తాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపేస్తాను. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు, కావాలనే.

ఆ నెల వాయిదా మాత్రం కట్టలేకపోయాను. అయితే గడువు దాటాక కాకుండా పది రోజుల ముందే ఫోన్ చేశాను. రిపేరు బిల్లు పంపమన్నారు, ఆ వాయిదాను చివరికి జరిపారు. మీ మెషీన్ విషయం కూడా ఆగిపోకముందే చెప్పి పెట్టండి.

చిల్లరడబ్బా:

బోనస్ దాచొద్దు. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, సారీ. ఇలాంటి ప్లాన్లలో చాలావాటికి ఏడాదికోసారి లెక్క చూడటం ఉంటుంది, పే స్లిప్పులు అడుగుతారు, స్లిప్పులో బోనస్ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. దాచారని తేలితే ప్లాన్ రద్దయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు ఆగిన వడ్డీ మళ్లీ మొదలవుతుంది, ఫోన్లు మళ్లీ మోగుతాయి, ఎక్కడి గొంగళి అక్కడే. అదే ముందుగా చెప్పి, మెషీన్ చెడిపోతోంది, ఇందులో ఇంత ఉంచుకుంటాను అని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. బోనస్‌లో ఎంత భాగం కట్టాలో మీ ఒప్పందంలోనే రాసి ఉండొచ్చు, ముందు అది చదవండి. సంతకం పెట్టిన కాగితం నూటికి తొంభై మంది చదవరు, నేనూ చదవలేదు లెండి.

ఏ దేశంలో ఏ ప్లాన్ అన్నదాన్ని బట్టి రూల్స్ మారతాయి. ఇంగ్లండ్‌లో ఐవీఏ అంటారు, అంటే అప్పులవాళ్లతో రాసుకునే ఒప్పందం, ఓటు వేసిన అప్పులవాళ్లలో బాకీ విలువ ప్రకారం 75 శాతం ఒప్పుకుంటే అందరికీ వర్తిస్తుంది. అమెరికాలో దివాలా చట్టంలోని చాప్టర్ 13 అయితే కోర్టు ద్వారా నడుస్తుంది, 3 నుంచి 5 ఏళ్లు ట్రస్టీకి, అంటే మన డబ్బు తీసుకుని అప్పులవాళ్లకు పంచే మనిషికి, కడుతూ ఉండాలి, మధ్యలో కొత్త అప్పు కావాలంటే అనుమతి తీసుకోవాలి. కెనడాలో కన్స్యూమర్ ప్రపోజల్ అని ఇలాంటి ఒప్పందమే ఉంటుంది, గరిష్ఠంగా 5 ఏళ్లు, మూడు నెలల వాయిదాలు బాకీ పడితే దానంతట అదే రద్దవుతుంది. కాబట్టి ఇక్కడ నేను చెప్పినా ఇంకొకరు చెప్పినా వినండి గానీ, ఆఖరి మాట మీ కాగితానిదే.

ఒక్కటి అడగాలి. జీతం ఏ బ్యాంకులో పడుతోంది? అదే బ్యాంకుకు మీరు బాకీ ఉంటే ఖాతా మార్చేయండి. తన బాకీ కింద ఖాతాలోంచి డబ్బు మినహాయించుకునే హక్కు చాలాచోట్ల బ్యాంకులకు ఉంటుంది.

రాత్రిడ్యూటీ:

అయ్యో, అదే బ్యాంకు అండీ. ఒక కార్డు వాళ్లదే. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. రేపే చూస్తాను.

మళ్లీమొదటికి:

అక్కా, పిన్ని కొడుకు కార్డు మాట మాత్రం వదిలేయండి. అది కొత్త అప్పు కిందికే వస్తుంది, పేరు మీది కాదంతే. పైగా మీకు ఒక నెల అటూ ఇటూ అయితే వడ్డీ పడేది వాడికి, మాట పడేది మీ అమ్మగారికి. ఆన్‌లైన్లో కొనేటప్పుడు "మూడు భాగాలుగా కట్టండి" అని వస్తుంది చూడండి, వడ్డీ లేదని రాసినా అదీ అప్పే. పాత లోన్లలో దేనికైనా ఎవరైనా జామీను ఉన్నారేమో కూడా చూసుకోండి, మీకు ప్లాన్ ఉన్నా వాళ్లను అడగడం మానకపోవచ్చు.

నా కథ చెప్తాను. మొదటిసారి చేరినప్పుడు ఒట్టు పెట్టుకున్నట్టు బతికాను. స్నేహితులు పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పడం, పుట్టినరోజులకు ఫోన్ ఆఫ్. 9 నెలలు అలా లాగాను. తర్వాత ఒక రాత్రి ఊరికే ఫోన్ చూస్తూ, అవసరం లేని హెడ్‌ఫోన్స్ కోసం ఒక లోన్ యాప్‌లో డబ్బు తీసుకున్నాను. హెడ్‌ఫోన్స్! వాటి వెనకాల ఇంకోటి, ఇంకోటి. ప్లాన్ పోయింది. రెండోసారి చేరినప్పుడు కౌన్సెలర్ పద్దు చూసి, నీ కోసం ఏమీ రాసుకోలేదేం అని అడిగింది. సిగ్గేసి నోట మాట రాలేదు. ఆమే నెలకు కొంచెం సొంత ఖర్చు అని ఒక వరుస చేర్చింది. దేనికి పెట్టానో ఇంట్లో కూడా లెక్క చెప్పను, చిన్నదే గానీ ప్రాణం లేచొస్తుంది. ఈసారి 31 కట్టాను.

చిల్లరడబ్బా:

సొంత ఖర్చు సరే గానీ దానికి లెక్క అక్కర్లేదంటే నేను ఒప్పుకోను. లెక్క రాయకే కదా మనమంతా ఇక్కడికి వచ్చింది.

మళ్లీమొదటికి:

లెక్క రాస్తాను అన్నయ్యా, ఎవరికీ చూపించనంతే.

రాత్రిడ్యూటీ:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. జీతానికి వేరే బ్యాంకులో ఖాతాకు అప్లై చేశాను. ప్లాన్ వాళ్లకు బోనస్ గురించీ మెషీన్ గురించీ ఒకే మెయిల్‌లో రాశాను, మెకానిక్ ఎంతవుతుందో రాసిచ్చిన కాగితం జతచేయమన్నారు. పద్దు తీసి చూశాను, బట్టలూ చెప్పులూ అని నిజంగానే ఉంది, 14 నెలల్లో నేను ముట్టుకోలేదు.

మా ఆయనకు కూడా చెప్పేశాను. ఆ రోజే తెలుసట. హాస్పిటల్లో నేల మీద తిరిగే బూట్లకు పూలకుండీ ఎర్రమట్టి ఎలా అంటిందబ్బా అని అప్పుడే అనుకున్నాడట. మట్టి తుడిచి పెట్టింది కూడా ఆయనే, నేనే చూసుకోలేదు.