నటసార్వభౌమ, నటసమ్రాట్: రెండు బిరుదుల అర్థభేదం

నందమూరి తారక రామారావు గారికి నటసార్వభౌమ అనీ, అక్కినేని నాగేశ్వరరావు గారికి నటసమ్రాట్ అనీ బిరుదులు స్థిరపడిపోయాయి. రెండూ చక్రవర్తికి పర్యాయపదాలే కాబట్టి వాటి మధ్య తేడా వెదకడం అభిమానుల పట్టింపే తప్ప భాషా విషయం కాదని ఒక మిత్రులు అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అమరకోశమనే సంస్కృత నిఘంటువు ఈ రెండు మాటలనూ వేరువేరుగానే నిర్వచించింది; ఆ నిర్వచనాలు ఈ ఇద్దరి నటజీవితాలకూ ఆశ్చర్యం కలిగించేంతగా అమరుతాయి.

సర్వభూమికి ఈశ్వరుడైనవాడు సార్వభౌముడు. నామవాచకం నుంచి కొత్త పదాన్ని చేసే తద్ధిత ప్రత్యయం చేరినప్పుడు రెండు పదాల మొదటి అచ్చులకూ వృద్ధి (అచ్చు ఆ, ఐ, ఔ వంటి రూపానికి పెరగడం) వచ్చి, 'స' 'సా' అయింది, 'భూ' 'భౌ' అయింది. అమరకోశం రాసిన అమరసింహుడు దీనిని చక్రవర్తి శబ్దంతో జతచేసి చెప్పి ఊరుకున్నాడు. సమ్రాట్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మూడు లక్షణాలు చెప్పాడు: రాజసూయ యాగం చేసినవాడు, మండలానికి (చుట్టూ ఉన్న రాజ్యాల సమూహానికి) ఈశ్వరుడు, తన ఆజ్ఞతో రాజులను శాసించేవాడు. అంటే మొదటి మాటలో ప్రధానమైనది విస్తృతి, రెండవదానిలో ప్రధానమైనది అధికారం.

రామారావు గారిది విస్తృతి. 1949లో 'మనదేశం'లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా తెరమీదికి వచ్చిన ఆయన 'మాయాబజార్'లో కృష్ణుడయ్యారు, 'భూకైలాస్'లో రావణుడయ్యారు. ఒక్క 1963లోనే 'లవకుశ'లో రాముడిగానూ, 'నర్తనశాల'లో బృహన్నలగానూ కనిపించారు. 1977లో 'దాన వీర శూర కర్ణ'కు తానే దర్శకత్వం వహించి, కర్ణ సుయోధన కృష్ణ పాత్రలు మూడింటినీ ధరించారు. కొండవీటి వెంకటకవి ఆ చిత్రానికి రాసిన సంభాషణల్లో 'ఏమంటివి' వంటి గ్రాంథిక క్రియారూపాలను, పొడవైన సంస్కృత సమాసాలను ఊపిరి తడబడకుండా పలికిన తీరు వల్లనే, గ్రాంథికం చదవని ఇళ్లలో కూడా పిల్లలకు అవి కంఠతా వచ్చాయి. భాషాభిమానిగా ఆయనకు నేను పడిన రుణం అది.

నాగేశ్వరరావు గారు 1944లో 'సీతారామ జననం'లో రాముడిగా నాయకుడైనా, ఆ తరువాత తనదైన మండలం ఏదో ఆయనే నిర్ణయించుకున్నారు. 'దేవదాసు', 'విప్రనారాయణ', 'మహాకవి కాళిదాసు', 'భక్త జయదేవ' చూస్తే ప్రేమ, విరహం, భక్తి, కవిత్వం ఆ మండలానికి ఎల్లలని తెలుస్తుంది. ఆయన మాట కూడా అలాంటిదే. గొంతు పెంచకుండా, వాక్యం చివర కొంచెం తగ్గించి, మిగిలినది కళ్లకు వదిలేస్తారు. 'దేవదాసు' చివరి ఘట్టాల్లో ఆ తగ్గుస్వరమే గుండెను పట్టేస్తుంది. వాచికంలో (మాట పలికే తీరులో) గంభీరతనే గొప్పగా ఎంచే మనం ఈ మితభాషిత్వానికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

వీరిద్దరూ కలిసి నటించిన చిత్రాల్లో ఈ చర్చకు నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది 1977లో రామారావు గారి దర్శకత్వంలో వచ్చిన 'చాణక్య చంద్రగుప్త'. అందులో సింహాసనం రామారావు గారి చంద్రగుప్తుడిది, ఆజ్ఞ నాగేశ్వరరావు గారి చాణక్యుడిది. అమరుడు చెప్పిన 'శాస్తి యశ్చాజ్ఞయా రాజ్ఞః' (ఆజ్ఞతో రాజులను శాసించేవాడు) అన్న మూడవ లక్షణం అక్కడ తెరమీద కనబడుతుంది. పాత్రలు తారుమారైతే ఆ చిత్రం నిలిచేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

బిరుదు ఇచ్చినవారు ఇంత ఆలోచించి ఇచ్చారని నేను వాదించడం లేదు. వాడుకలో ఉన్న మాటనే వారు తీసుకొని ఉండవచ్చు; సార్వభౌమ శబ్దం మనకు కొత్త కాదు. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడడిండిమభట్టు అనే పండితుడిని వాదంలో గెలిచిన శ్రీనాథుడిని కవిసార్వభౌముడనే పిలుస్తున్నాం.

సమ్రాట్ అన్న మాటను ఎలా రాయాలని మరొక మిత్రులు అడిగిన వర్ణక్రమం సంగతికి వస్తే, 'నటసామ్రాట్' అని దీర్ఘంతో రాయడం తప్పు. సామ్రాజ్యంలో దీర్ఘం ఉంది కాబట్టి ఇక్కడా ఉంటుందని పొరబడుతున్నారు. అక్కడి దీర్ఘం తద్ధిత వృద్ధి వల్ల వచ్చింది. అలాగే సంరక్షణ, సంరంభం వంటి మాటల్లో రేఫకు (రకారానికి) ముందు సున్న వస్తుండగా సమ్రాట్టులో మకారమే నిలవడానికి సంస్కృత వ్యాకరణకర్త పాణిని 'మో రాజి సమః క్వౌ' అని ప్రత్యేకంగా సూత్రమే చేశాడు. కనుక 'సంరాట్' అనీ రాయకూడదు.