ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్: అన్నీ అడగడమేనా?

— అందరికీ నమస్తే అండీ. మా తమ్ముడు ఆఫీసు మెయిల్లో "ఐ క్వశ్చన్డ్ ద మేనేజర్ అబౌట్ మై లీవ్" అని రాస్తే వాళ్ల టీమ్ లీడ్ "ఆస్క్డ్" అని మార్చమన్నాడంట. డిక్షనరీలో రెండిటికీ అడుగు అనే ఉంది కదా, మరి తేడా ఏంటి?

— తేడా చాలానే ఉందండీ. ఆస్క్ అంటే ఉత్త అడగడం, టైమ్ అడిగినా లీవ్ అడిగినా అదే. మనిషిని క్వశ్చన్ చేశాను అంటే నిలదీశాననో, అతని మాట మీద అనుమానం ఉందనో వినపడుతుంది, పాపం మీ తమ్ముడు లీవ్ సంగతి కనుక్కుంటే చదివేవాళ్లకి మేనేజర్ని బోనెక్కించినట్టు ఉంటుంది. ఇంటరాగేట్ ఇంకా గట్టిది, పోలీసుల పని. మన పేపర్లలో కూడా దొంగని పోలీసులు "అడిగారు" అని రాయరు కదా, "విచారించారు" అంటారు, అంటే ఈ మెట్లు మనకీ తెలుసు, ఇంగ్లీషు రాసేటప్పుడే వదిలేస్తాం.

ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆస్క్ పాత ఇంగ్లీషు మాట. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక రాజు కొలువులోనూ తర్వాత కోర్టుల్లోనూ ఫ్రెంచి నడిచింది, క్వశ్చన్ ఆ ఫ్రెంచి నుంచి వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ నుంచి చదువుకున్నవాళ్లు తెచ్చుకున్నది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు, ఆ చట్టాన్నే ఫ్రెంచిలో రాశారు, ఫ్రెంచి పట్టు అంత గట్టిది మరి! మన దగ్గరా అంతే, అడగడం అచ్చ తెలుగు, ప్రశ్నించడం సంస్కృతం, సవాలు ఉర్దూ మీదుగా వచ్చిన అరబీ మాట. అరబీలో సవాలంటే ప్రశ్నే, మన నోట్లో "సవాలు చేశాడు" అంటే ఛాలెంజ్ అయిపోయింది.

— బాగా చెప్పారు మాస్టారూ. మరి ఆస్క్ మరీ మామూలుగా ఉంటుందేమో, పెద్దాఫీసరుకి రాసేటప్పుడు ఎంక్వైర్ అనచ్చా?

— సమాచారం కావాలంటే అనచ్చు, ఎంక్వైర్ అబౌట్ అని రాయండి. రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్ ఉండేది అందుకే, ట్రైన్ ఎప్పుడని కనుక్కోడానికి. కానీ "ఆయన మీద ఎంక్వైరీ వేశారు" అంటే అది విచారణ, అక్కడ బ్రిటిష్ వాళ్లు సాధారణంగా మొదటి అక్షరం "ఈ"కి బదులు "ఐ" పెట్టి రాస్తారు. లీవ్ ఇమ్మని అడిగేటప్పుడు మాత్రం ఎంక్వైర్ వద్దు, రిక్వెస్ట్ వాడండి, కాకపోతే మనవాళ్లు దాదాపు అందరూ "ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్" అని రాస్తారు, ఆ ఫర్ అక్కర్లేదు, "ఐ రిక్వెస్టెడ్ లీవ్" చాలు. "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్" అన్నప్పుడే, అంటే రిక్వెస్ట్ నామవాచకం అయినప్పుడే, ఫర్ వస్తుంది. మీ తమ్ముడికి ఇది కూడా చెప్పండి.