అమెరికా నగరాలలో ఆసియా వలసదారుల ముఠాలు ఎలా పుట్టాయి?

ప్రశ్న:
శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, లాంగ్ బీచ్ వంటి నగరాలలో చైనా, కంబోడియా దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ముఠాలు కట్టిన చరిత్ర గురించి ఈ మధ్య చదువుతున్నాను. ఇవి హాంకాంగ్ నేరముఠాల శాఖలుగా అక్కడికి చేరినవా, లేక అమెరికాలోనే పుట్టినవా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
చాలావరకు అమెరికాలోనే పుట్టాయన్నది నా అభిప్రాయం. 1875 నాటి పేజ్ చట్టం చైనా స్త్రీల రాకను దాదాపుగా ఆపివేసింది. 1882 చట్టం చైనా కూలీల రాకను నిషేధించింది. కాలిఫోర్నియాలో 1854 నాటి తీర్పు ప్రకారం తెల్లవారికి వ్యతిరేకంగా చైనీయుల సాక్ష్యం కోర్టులో చెల్లేది కాదు. భార్యాబిడ్డలు లేని, న్యాయస్థానంలో దిక్కులేని మగవారితో నిండిన చైనాటౌన్‌లలో పరస్పర రక్షణ కోసం 'టాంగ్' అనే సంఘాలు బలపడ్డాయి. వాటిలో కొన్ని జూదశాలలను, నల్లమందు వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుని, వాటి కోసం ఒకదానితో ఒకటి రక్తపాతానికి దిగాయి.

యువకుల ముఠాల కథ ఆ తరువాతిది. 1965 వలస చట్టం తలుపులు తెరిచాక హాంకాంగ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. తల్లిదండ్రులు కుట్టుపని కార్ఖానాలలో, హోటళ్ళలో రాత్రి దాకా పనిచేస్తుంటే, ఇంగ్లీషు రాని పిల్లలు బడిలో వెనకబడి, అమెరికాలో పుట్టిన చైనా పిల్లల చేతనే వెక్కిరింతలూ దెబ్బలూ తిన్నారు. తమను తాము కాపాడుకోవడానికి ఒక్కటైన అటువంటి కుర్రవాళ్ళ నుంచే శాన్ ఫ్రాన్సిస్కోలో 'వా చింగ్' పుట్టింది. దానికీ 'జో బాయ్స్' అనే మరో ముఠాకూ నడిచిన పగ 1977 సెప్టెంబరు 4న గోల్డెన్ డ్రాగన్ రెస్టారెంటులో అయిదుగురిని బలిగొంది. చనిపోయిన వారిలో ఒక్కరూ ముఠా సభ్యులు కారన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

జవాబు 2:
పై మిత్రుని మాటకు ఒక సవరణ. పాత సంఘాలనూ కొత్త ముఠాలనూ పూర్తిగా విడదీయలేము. న్యూయార్క్‌లో 'ఘోస్ట్ షాడోస్' ముఠాకు ఆన్ లియాంగ్ టాంగ్‌తోనూ, 'ఫ్లయింగ్ డ్రాగన్స్'కు హిప్ సింగ్ టాంగ్‌తోనూ సంబంధాలుండేవి. జూదశాలల కాపలాకు కుర్రవాళ్ళు కావలసి వచ్చారు, కుర్రవాళ్ళకు డబ్బు కావలసి వచ్చింది.

జవాబు 3:
కంబోడియా వారి విషయంలో హాంకాంగ్ ప్రసక్తే లేదు. 1975 నుంచి 1979 వరకు కంబోడియాను ఏలిన కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ సాగించిన మారణకాండను తప్పించుకుని, థాయ్‌లాండ్ సరిహద్దు శిబిరాల మీదుగా లాంగ్ బీచ్ చేరిన కుటుంబాలకు అక్కడ దొరికినవి అప్పటికే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) ముఠాలున్న పేదవాడలు. ఆ ముఠాల దాడుల నడుమ పెరిగిన పిల్లలలో కొందరు 1980లలో 'టైనీ రాస్కల్ గ్యాంగ్' కట్టారు. ఇంట్లో పెద్దలు తాము చూసిన చావులతో మూగబోయి ఉన్నప్పుడు, ఆ పిల్లలకు వీధే ఇల్లయింది. 1996లో అమెరికా దేశబహిష్కరణ చట్టాలు కఠినమయ్యాక, పౌరసత్వం పొందకుండా నేరాలలో శిక్షపడిన వారిని 2002 నుంచి కంబోడియాకు పంపడం మొదలైంది. వారిలో శరణార్థి శిబిరంలో పుట్టి, కంబోడియా నేలపై ఎన్నడూ అడుగుపెట్టనివారు కూడా ఉన్నారు.