అప్‌డేట్: తొమ్మిదో తరగతి పిల్లల మట్టి వినాయకుల వ్యాపారం

వ్యాపార పాఠాన్ని నిజమైన అమ్మకం ద్వారా నేర్పవచ్చా, పిల్లల చేతికి డబ్బు ఇవ్వడం సబబేనా అని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు ప్రస్తావించిన ఢిల్లీ ‘బిజినెస్ బ్లాస్టర్స్’ కార్యక్రమంలో 2021లో పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థులకు తలా 2,000 రూపాయల మూలధనం ఇచ్చారు. మా పిల్లలు ఇంకా చిన్నవారు కనుక, తల్లిదండ్రుల అంగీకారంతో, ఉపాధ్యాయులమే జట్టుకు కొద్ది మొత్తం అప్పుగా ఇచ్చి చవితికి మట్టి విగ్రహాలు చేయించాము.

అచ్చులకు 600 రూపాయలయ్యాయి. మట్టి, రంగులు కలిపి ఒక్కో విగ్రహానికి 18 రూపాయలు పడగా, ధర 30గా నిర్ణయించారు. విగ్రహానికి మిగిలే 12 రూపాయలతో అచ్చుల ఖర్చు తీరాలంటే 50 అమ్మాలని పిల్లలే నల్లబల్ల మీద లెక్క తేల్చారు. బీజగణితం ఇంత ఇష్టంగా చేయడం నేను అరుదుగా చూశాను. తమ శ్రమకు ధర కట్టలేదని ఒక అమ్మాయి లేవనెత్తిన ప్రశ్నపై జరిగిన చర్చే నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది.

పండుగ దాటాక మిగిలిన విగ్రహాలను ఎవరూ కొనలేదు. అయినా అప్పు తీరింది, కొంత లాభమూ మిగిలింది. సంక్రాంతికి అరిసెలు చేయాలనుకుంటున్న జట్టు ఈసారి ముందుగానే ఆర్డర్లు తీసుకుంటోంది. మా ఖాతా పుస్తకం నమూనా కావలసిన ఉపాధ్యాయులకు సంతోషంగా పంపగలను.