అప్‌డేట్: బుల్లెట్ క్లస్టర్‌లో ఆ రెండు అంచులు

బుల్లెట్ క్లస్టర్ (గుద్దుకున్న రెండు గెలాక్సీ గుంపులు) ఎక్స్‌రే ఫోటోలో బుల్లెట్ (చిన్న గుంపు గ్యాస్ ముద్ద) ముందట రెండు అంచులు కనిపిస్తున్నయి, రెండూ షాకేనా (సౌండ్ కంటే స్పీడ్‌గ పోయేదాని ముందట వచ్చే అల) అని అడిగిన కదా, దాని అప్‌డేట్. నాసా చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ డేటా ఫ్రీగనే దొరుకుతది, తార్నాక రూమ్‌లనే దించుకొని చూసిన. ప్రెషర్ ప్రొఫైల్ (అంచుకు అటూ ఇటూ ప్రెషర్ ఎట్ల మారుతదో చూపే గ్రాఫ్) గీయమని చెప్పిన అన్నకు చాలా థాంక్స్, మొత్తం క్లియర్ అయింది.

ఎక్స్‌రే వెలుగు గ్యాస్ డెన్సిటీ స్క్వేర్‌ని బట్టి ఉంటది, స్పెక్ట్రమ్ నుంచి టెంపరేచర్ వస్తది, డెన్సిటీని టెంపరేచర్‌తో గుణిస్తే ప్రెషర్. లోపలి అంచు, అంటే బుల్లెట్ మూతి దగ్గర, లోపల డెన్సిటీ ఎక్కువ టెంపరేచర్ తక్కువ, దాటంగనే ఉల్టా, ప్రెషర్ మాత్రం దాదాపు సమానమే, సో అది కోల్డ్ ఫ్రంట్, అంటే చల్లటి గ్యాస్‌కు వేడి గ్యాస్‌కు నడుమ హద్దు, షాక్ కాదు. బయటి అంచు దగ్గర మూడూ ఒకేసారి ఎగురుతున్నయి, అదే అసలు షాక్, మాక్ నంబర్ (సౌండ్ స్పీడ్‌కు ఎన్ని రెట్లు అనేది) 3 దగ్గర. ఈ తేడా కండ్లతోని చూస్తే ఎంత బాగుందో!

క్లస్టర్ షేప్‌కు ఏ మోడల్ పెట్టాలె అని అడిగినోళ్లకు: ఒకటే గుండ్రటి మోడల్ పెట్టొద్దు, గ్యాస్ ఒక చోట ఉంటే లెన్సింగ్ (మాస్ వల్ల వెనకాల గెలాక్సీల వెలుగు వంగుడు) చూపించే మాస్ ఇంకో చోట ఉంది, 2006 పేపర్ల పాయింటే అది.

ఇగ సున్యాయేవ్-జెల్డోవిచ్ మ్యాప్ (వేడి గ్యాస్ వల్ల కాస్మిక్ మైక్రోవేవ్ వెలుగులో వచ్చే మార్పు మ్యాప్) పక్కన పెట్టి చూడాలె, అది నేరుగా ప్రెషర్‌నే చూపిస్తది, కాని మన చూపు దారిలో ఉన్నదంతా కలిపేసి. ఎక్స్‌రే డేటా, ఈ మ్యాప్ రెండిటినీ కలిపి ఫిట్ చేసినోళ్లు ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.