పాలతాలికలా, పాలతాళికలా?

పాత పలక:
వినాయక చవితినాడు పిండి రుద్దుతూ మా అమ్మమ్మ ఒక మాట అనేది. 'తెగితే పిండి, ... తాలిక.' మధ్యమాట జారిపోయింది. 'సాగితే' అని అక్క, 'తాళితే' అని నేను. నా మాటే నిజమైతే చివర ల నిలవదు, ళ కావాలి. మీ ఇళ్లలో ఏమంటారు?

గోదావరి గట్టు:
ల. మా ఇంట్లో ళ ఎప్పుడూ వినలేదు. అసలు మీ అమ్మమ్మగారు 'తెగితే తాలు, సాగితే తాలిక' అని ఉంటారు. గింజ పట్టని వడ్లు తాలు కదా, తెగి పాలలో కలిసిపోయిన ముక్కా అంతే.

వరంగల్ వాకిలి:
మేము తాళ్ల పాశం అంటాం. తాళ్లలా పేనుతారు కాబట్టి ఆ పేరు. ళ అందులోనే ఉంది, ఇంకా వెతకడం ఎందుకు?

గణవిభజన:
ఆ ళ బహువచనంలో పుట్టింది. బండి బళ్లు అయినట్లే తాడు తాళ్లు అయింది. దాని నుంచి తాళికకు దారి లేదు. 'తాళలేను' అంటామే, ఆ తాళు ధాతువు చూడండి. మరిగే పాలకు తాళినది తాళిక.

గోదావరి గట్టు:
అర్థం అందంగా కుదిరితే వ్యుత్పత్తి కుదిరినట్లు కాదండీ. పులుసులో ముక్క కూడా తాళుతుంది, దాన్ని తాళిక అనం.

పాత పలక:
కానీ అమ్మమ్మ బెంగంతా తాళడం గురించే. మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి మగ్గనిచ్చి, వేడి ఆరకముందే పీటమీద అరచేత్తో సన్నగా రుద్దేది. ఆరితే పగుళ్లు. పాలలో వేసిన వెంటనే గరిటె పెట్టనిచ్చేది కాదు. బెల్లం పొయ్యి దించాకే, లేకపోతే పాలు విరుగుతాయి. ఇంత ఓపికతో చేసినది మా తమ్ముడు నా గిన్నెలోంచి లాక్కుని మింగి, నోరు తెరిచి చూపించేవాడు!

వరంగల్ వాకిలి:
పోతన చల్దుల పద్యంలో పిల్లవాడే! 'మాటికి మాటికి వ్రేలు మడిచి...'

గణవిభజన:
'మాటిమాటికి' అండీ. మీరన్నట్లు చదివితే సీసంలో గణాలు చెడతాయి, మూడో గణంలో 'మ' యతీ తప్పుతుంది. తమ్ముడున్నది తర్వాతి పాదంలో: 'ఒకని కంచములోని దొడిసి చయ్యన మ్రింగి, చూడు లేదని నోరు చూపు నొక్కడు.' ఆ 'దొడిసి'లో 'ది' చూడండి. లోనిది, ఒడిసి. తిన్న పదార్థమంతా ఆ ఒక్క ద లో ఉంది. చదివిన ప్రతిసారీ నాకు నోరూరుతుంది.

గోదావరి గట్టు:
నాకు అక్కడ మీగడ కనిపిస్తుంది.

వరంగల్ వాకిలి:
నాకైతే పెరుగన్నం ముద్ద.

పాత పలక:
పిన్నికి ఫోను చేశాను. అమ్మమ్మ దగ్గర ఎక్కువ కాలం ఉన్నది ఆవిడే. 'తెగితే పిండి, తేలితే తాలిక' అట.

గణవిభజన:
తేలితేనా? ఉడికితే పైకి తేలుతాయి, నిజమే. ఆవిడ తాలిక అన్నప్పుడు ల పలికారా, ళ పలికారా?