వైట్‌చాపెల్ వాక్ అంటే హంతకుడి కథేనా?

కిటికీపక్క:
లండన్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు చాలామంది "జాక్ ద రిప్పర్ వాక్ ఒకటి బుక్ చేసి పెట్టండి" అంటారు. 1888లో వరసగా ఆడవాళ్లని చంపి, ఎవరో తేలకుండానే పోయిన హంతకుడి పేరది. నేనుండేది ఆ హత్యలు జరిగిన తూర్పు లండన్ పేట వైట్‌చాపెల్‌లోనే. చీకటి పడితే చాలు, మా కిటికీ కింద ఒక గుంపు, దాని వెనకే ఇంకో గుంపు. పిల్లలు పడుకునే వేళకి గైడ్ గొంతు పెంచి గొంతులు కోసిన కథ మొదలుపెడతాడు. గోల సంగతి సరే, సర్దుకుపోతాం. నా బాధ వేరే. ఇన్ని వందల ఏళ్ల చరిత్ర ఉన్న పేటలో ఈ వాక్‌లు చూపించేది 1888లో ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా నడిచిన పది వారాలే.

బ్రిక్ లేన్‌లో ఉన్న మసీదునే తీసుకోండి. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లు 1743లో ప్రార్థన కోసం కట్టుకున్నారు. 1819లో మెథడిస్టుల చేతికి వచ్చింది, 1898లో యూదుల సినగాగ్ అయింది, 1976 నుంచి బంగ్లాదేశీల మసీదు. పైన గోడకి ఆనాటి నీడగడియారం ఇప్పటికీ ఉంది, దాని మీద లాటిన్‌లో "మనం నీడలం" అని చెక్కి ఉంటుంది. రిప్పర్ గుంపుల్లో తలెత్తి అటు చూసేవాళ్లు నాకైతే కనపడలేదు.

అడిగేది ఒక్కటే. చరిత్ర వాక్ అని పేరు పెట్టి హత్యలే అమ్ముతుంటే మనం టికెట్లు కొనిపెట్టాలా?

రాత్రిబస్సు:
మీ కోపం అర్థమైందండీ, కానీ నేను ఆ వాక్‌కి వెళ్లినవాణ్ణి. రిప్పర్ పేరు లేకపోతే మా బ్యాచ్‌లో ఒక్కడూ కదిలేవాడు కాదు. వెళ్లాక గైడ్ ఫోర్నియర్ స్ట్రీట్‌లో పట్టు నేతగాళ్ల ఇళ్లు చూపించాడు. పై అంతస్తు కిటికీలు అంత వెడల్పుగా ఎందుకున్నాయో (మగ్గానికి వెలుతురు కావాలి కదా) నాకు తెలిసింది అప్పుడే. ఇదే ముక్క ఏదో హాల్లో ప్రసంగంగా పెట్టండి, ముందు వరసలో నలుగురు రిటైరైన పెద్దలు, వెనకంతా ఖాళీ కుర్చీలు. ఎర లేకుండా చేప పడదు.

పాతకాగితం:
ఎర వేసి ఏం పట్టామన్నదే ప్రశ్న తమ్ముడూ. ఆ వాక్‌లో కిటికీలకు ఎంతసేపు, కత్తికి ఎంతసేపు?

రిప్పర్ చేతిలో పోయినవాళ్లలో ఒకరైన క్యాథరిన్ ఎడ్డోస్‌ని 1888 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మైటర్ స్క్వేర్‌లో చంపారు. ఆమె దగ్గర దొరికిన వస్తువులన్నీ పోలీసులు జాబితా రాశారు. ఒక చిన్న రేకు డబ్బాలో టీ పొడి, ఇంకోదాంట్లో చక్కెర, ఆవపొడి డబ్బాలో రెండు తాకట్టు చీటీలు. ఒక చీటీ ఆమెతో కలిసి బతుకుతున్న మనిషి బూట్లది. బూట్లు కుదవపెడితే వచ్చిన రెండున్నర షిల్లింగులతోనే ఆ టీ, చక్కెర కొనుక్కున్నారు. ఆ ఏడాది తూర్పు లండన్ బతుకు ఎలా ఉందో చెప్పడానికి ఆ డబ్బాలు చాలవా? గైడ్లకు అవి పట్టవు. కోత ఎంత లోతో మాత్రం కంఠతా.

ఇంకో ముచ్చట. కేబుల్ స్ట్రీట్‌లో మహిళల చరిత్ర మ్యూజియం పెడతామని అనుమతి తెచ్చుకున్న చోట 2015లో రిప్పర్ మ్యూజియం తెరిచారు. జనం నిరసనకి దిగారు. 1936 అక్టోబర్ 4న బ్రిటన్ ఫాసిస్టు నాయకుడు మోస్లీ మనుషుల ఊరేగింపుని స్థానికులు అడ్డుకున్న వీధి అది!

అద్దెఇల్లు:
అందరూ రిప్పర్ మీదే పడ్డారు గానీ, మీ "మంచి చరిత్ర" కూడా అంత అమాయకమేం కాదు. నేతగాళ్ల ఇళ్లు కూల్చేస్తుంటే 1977లో పాత ఇళ్లను కాపాడే స్పిటల్‌ఫీల్డ్స్ ట్రస్టువాళ్లు ఇక్కడి ఎల్డర్ స్ట్రీట్‌లో ఇళ్లలోకి దూరి మకాం వేసి మరీ ఆపారు. గొప్ప పనే, కాదనను. కానీ ఇప్పుడు ఆ ఇళ్ల ధర మిలియన్లలో పలుకుతోంది. నేతగాడి సంగతి దేవుడెరుగు, పక్క ఆస్పత్రిలో పనిచేసే నర్సు కూడా అద్దెకు దిగలేదు. పేటకు చరిత్ర ఉందని చాటింపు వేసిన కొద్దీ అక్కడున్నవాళ్లు సర్దుకుని పోవాల్సి వస్తోంది. లండన్‌లో ఇలాంటి పాత పేటల్ని చూసి సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో దీనికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది.

రాత్రిబస్సు:
హత్యలు చెప్తే తప్పు, కిటికీలు చెప్పినా తప్పే. ఇంక నడవడమే మానేద్దామా అన్నా?

కిటికీపక్క:
మానక్కర్లేదు. అద్దెలు పెరిగింది వాక్‌ల వల్లేనంటే నేను ఒప్పుకోను, పక్కనే సిటీ ఆఫ్ లండన్‌లో పెద్ద బ్యాంకులున్నాయి కదా. హత్య గురించి నోరెత్తొద్దనీ నేను అనట్లేదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే బట్టల ఫ్యాక్టరీ కుర్రాడు పని ముగించుకుని ఇంటికి పోతుంటే ఇక్కడే పొడిచి చంపారు. జాతి ద్వేషంతో చేసిన హత్య అది. పది రోజుల తర్వాత అతని శవపేటిక వెనక వేల మంది డౌనింగ్ స్ట్రీట్ దాకా నడిచారు. 1998లో ఇక్కడి పార్కుకి అతని పేరు పెట్టారు. ఇటు చూస్తే, మేరీ ఆన్ నికల్స్‌ని రిప్పర్ చంపిన బక్స్ రో అనే వీధికి 1892లోనే పేరు మార్చి డర్వర్డ్ స్ట్రీట్ చేశారు. ఒక హత్య పేరు వదిలించుకుంది, ఇంకోదాని పేరు కావాలని నిలుపుకుంది ఈ పేట. గైడ్లు జనాన్ని తీసుకెళ్లి నిలబెట్టేది మాత్రం వదిలించుకున్న వీధిలో.

పాతకాగితం:
ఇది బాగా చెప్పారు. ప్రసంగాలని మాత్రం తీసిపారేయకండి. లండన్ పేదల బతుకుల మీద సర్వే చేసిన ఛార్లెస్ బూత్ 1889లో వేసిన పేదరిక పటంలో ఒక్కో వీధికీ ఒక్కో రంగు. అడుగున నలుపు, అంటే "అధములు, సగం నేరస్తులు" అని ముద్ర. వర్షంలో రోడ్డు మీద ఆ పటం విప్పి చూపించలేం. దానికి టేబుల్ కావాలి, పక్కన కూర్చుని "ఈ ముద్ర వేసింది ఎవరు, ఎవరి మీద?" అని వాదించుకునే తీరిక కావాలి. పటం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సైట్‌లో ఉచితంగా ఉంది. ముందు అది చూసి తర్వాత వీధిలోకి దిగితే ఆ రిప్పర్ కథలో ఎన్ని చిల్లులున్నాయో మీకే కనపడతాయి.

అద్దెఇల్లు:
ఆ ప్రసంగం ఇంగ్లీషులోనేనా? 2022 నుంచి వైట్‌చాపెల్ స్టేషన్ బోర్డు మీద బెంగాలీ ఉంది, చరిత్ర సభల్లో మాత్రం నేనింతవరకు వినలేదు.

రాత్రిబస్సు:
మా కజిన్ వచ్చే నెల దిగుతున్నాడు, వాడూ రిప్పరే అడిగాడు. కిటికీపక్క గారూ, మీరే పగటిపూట తిప్పి చూపించకూడదూ? కాకపోతే మైటర్ స్క్వేర్ కలపాలి, లేకపోతే వాడు రాడు.

కిటికీపక్క:
కలుపుదాం. అక్కడ తాకట్టు చీటీల కథ చెప్తాను, వాడికి కత్తే కావాలంటే టికెట్ వాణ్ణే కొనుక్కోమనండి.